తెలుగు నవ్వులు – అనుకరణ శబ్దములు

నల్లగొండ సీమకు హాస్యవిచారము క్రొత్తది కాదు. 2016 నాటి విభజనకు ముందు ఆ జిల్లాలో నుండిన రాచకొండ రాజధానిగా నేలిన రేచర్ల సింగభూపాలుడు 14వ శతాబ్దమున సంస్కృతములో రసార్ణవసుధాకరమును రచించెను. భరతుని మార్గమున నాతడును నవ్వును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించెను. పలువరుస కనబడకుండుట, చెక్కిళ్లు వికసించుట, ముక్కుపుటము లుబ్బుట, కన్నీరు గ్రమ్ముట మున్నగునవి అందలి లక్షణములు. ధ్వని ప్రసక్తి విహసితమున మధురమనియు, అతిహసితమున ఉద్ధతమనియు వచ్చును. తక్కినదంతయు ముఖమును, శరీరమును చూచి చేసిన నిర్ణయమే.

మన వ్యాఖ్యాతలు పకపకలను, కిలకిలలను ఈ ఆరింటిలో నేదో యొకదానికి పర్యాయముగా జెప్పి ముగించుట పరిపాటి. నా సిద్ధాంతవ్యాసమున నేనును అట్లే చేసితిని. అది పొరపాటని నేడు తోచుచున్నది.

'గొల్లుమను' అను మాటను పరిశీలింపుడు. రచ్చబండకడ పదిమంది యొక్కమారు నవ్విన గొల్లుమనిరందురు. చావింట పదిమంది యేడ్చినను గొల్లుమనిరనియే యందురు. ఇచట పదము చెప్పునది సంతోషమును గాదు, దుఃఖమును గాదు. పలు కంఠము లొక్కసారి కలియుటను. భరతుడు నవ్వులను ఉత్తమ మధ్యమాధమ ప్రకృతులకు రెండేసి చొప్పున పంచెను. గుంపు నవ్వున కా పంపకమున చోటు లేదు.

మరియు 'కిసుక్కున' నవ్వుట అణచుకొనలేక ఒక్కమారు వెలువడునది. 'కిలకిల' నవ్వుట కొంతసేపు సాగునది. ద్విత్వముతో గూడిన ఏకపదము క్షణికతను, ఆమ్రేడితము కొనసాగింపును దెలుపుచున్నవి. జపనీయమునను ఇట్టి భేదమే కలదు: కుసుకుసు యనగా ఆగి యాగి సాగు అణచిన నవ్వు, కుసుత్తో యనగా అట్టిదే ఒక్కమారు. ఇది జ్ఞాతిత్వమునకు సాక్ష్యము కాదు. కాని ఇట్టి శబ్దములకును వ్యాకరణ మున్నదని మాత్రము నిరూపించుచున్నది. భారతీయ భాషలలోని ధ్వన్యనుకరణములను ఎమెనో పండితుడు 1969లో ఒక ప్రత్యేక వ్యాసమున చర్చించినది వాని ప్రాధాన్యము నెరిగియే.

ఇచట నొక ఆక్షేపము రావచ్చును: 'ముసిముసి' నవ్వునకు ధ్వని యెక్కడిది? నిజమే, లేదు. జపనీయులు చప్పుడు లేని చిరునవ్వును నికోనికో యందురు. ధ్వని ననుకరించు మాటలను గియోన్‌గో యనియు, స్థితిని స్ఫురింపజేయు మాటలను గితైగో యనియు వేరు చేసిరి. ముసిముసి ఈ రెండవ తెగలోనిది. రెంటిని ఒకే 'అనుకరణము' క్రింద జేర్చుట మన లోపమే కాని, భాషలోని లోపము కాదు.

కావున నల్లగొండ, పాలమూరు పల్లెలలో పదములు సేకరించు పరిశోధక విద్యార్థులు ప్రక్కన సంస్కృత పర్యాయము వ్రాసి తృప్తి పడరాదు. నవ్విన దెవరు, ఎందరు, ఒక్కమారా పలుమారులా, వినబడెనా కనబడెనా — ఈ నాలుగును గుర్తింపవలెను. అట్లు చేయనిచో పదము నిఘంటువున నిలుచును గాని, అందలి నవ్వు నిలువదు.