గొట్టం చేసే పని చేప చేయదు

చేపల తొట్టె కొనుక్కునేవాళ్లకు అమ్మేవాళ్లు ఆఖర్న ఒక నల్లటి చేపను కూడా కవర్లో వేసిస్తుంటారు. "ఇదుంటే తొట్టె కడుక్కోనక్కర్లేదండి, మడ్డంతా ఇదే తినేస్తుంది" అంటారు. గాజుకు నోరానించి అతుక్కుపోయే సక్కర్ ఫిష్ అది. మా పార్వతీపురంలో చేపలు పెంచే ఇళ్లకు వెళ్లినప్పుడల్లా తొట్టె మూలన అది కనబడుతూనే ఉంటుంది. ఆ మాట నమ్మొద్దని చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను.

గాజు మీద పట్టిన పాచిని అది గీరి తింటుంది, నిజమే. గులకరాళ్ల సందుల్లో ఇరుక్కున్న మలాన్నీ, చేపలు వదిలేసిన మేతనూ మాత్రం మాయం చేయలేదు. పైగా తిన్నదంతా ఆ నీళ్లలోనే వదులుతుంది. ఒళ్లు పెద్దది కాబట్టి మిగతా చేపలకంటే ఎక్కువే వదులుతుంది. తొట్టెలో మురికి పోవాలంటే ఎవరో ఒకరు దాన్ని బయటికి తీయాల్సిందే. అందుకు నాలుగైదు అడుగుల గొట్టం, ఒక బకెట్, వారానికో అరగంట చాలు. కరెంటు కూడా అక్కర్లేదు.

నేనీ పని ఆదివారం పొద్దున్న పెట్టుకుంటాను. మురికి లాగే ఈ గొట్టాన్ని సైఫన్ అంటారు. నాది కొన్నది కాదు. నీళ్ల సీసాను నడిమికి కోసి మెడ ఉన్న ముక్క ఉంచుకున్నాను. మూతకు బెజ్జం చేసి అరంగుళం పైపు బిగించాను. సీసా వెడల్పు పైపుకంటే అయిదు రెట్లుంటే లోపలి జాగా ఇరవై అయిదు రెట్లవుతుంది. అంటే పైపులో పరుగెత్తే నీళ్లు సీసాలో దానికి ఇరవై అయిదో వంతు వేగంతోనే కదులుతాయి. ఆ నెమ్మదిలోనే ఉంది కిటుకంతా. సీసా నోటిని రాళ్లలోకి గుచ్చితే రాళ్లు కాస్త లేచి, గిరగిరా తిరిగి, బరువుకి మళ్లీ కిందికి రాలతాయి. తేలికైన మడ్డి మాత్రం పైకి పోతుంది. చేటతో చెరిగినప్పుడు గింజ నిలిచి పొట్టు ఎగిరిపోయినట్టే. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

ధార మొదలెట్టడానికి చాలామంది నోటితో పీలుస్తారు. ఆ నీళ్లు నోట్లోకి పోవడం ఆరోగ్యానికి మంచిది కాదు, అవసరమూ లేదు. పైపు మొత్తాన్ని తొట్టెలో ముంచండి. బుడగలన్నీ పోయాక ఒక కొసను బొటనవేలితో మూసి, బయటికి తీసి, నేల మీది బకెట్లోకి దించి వేలు తీయండి. బయటి కొస తొట్టెలోని నీటిమట్టం కంటే కిందుండాలి, అంతే. కిందికి వేలాడే నీళ్ల బరువే మిగతా నీళ్లను లాక్కుపోతుంది. వంపులో గాలి చేరితే మాత్రం ధార తెగిపోతుంది. కొండ ఊట నుంచి పైపు వేసి నీళ్లు దించుకునే మన ఏజెన్సీ ఊళ్లలో "పైపుకి గాలి పట్టేసింది" అంటారే, ఆ తంటాయే ఇక్కడా. చిన్న చేపలు సీసా దగ్గరికొస్తే పైపును వేళ్లతో నొక్కిపట్టండి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో యాభై లీటర్ల దాకా నీళ్లు పడతాయి. అందులో నాలుగో వంతు, అంటే బకెట్ నిండేలోపే ఆపేయాలి. అద్దంలా మెరిపిద్దామని నీళ్లన్నీ పారబోసి, రాళ్లన్నీ తోమి కడిగేవాళ్లున్నారు. రెండు మూడు రోజుల్లో చేపలు తేలిపోతే నీళ్లు పడలేదంటారు. చేపల మొప్పల్లోంచీ కుళ్లిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. అది విషం. రాళ్ల మీదా, ఫిల్టర్ స్పాంజిలోనూ కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టెలో అవి కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తోమి కడిగితే వాటినే పారబోసినట్టు. అందుకే ఈ వారం సగం రాళ్లు, వచ్చే వారం మిగతా సగం. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కొత్తగా పోసే కుళాయి నీళ్లను ముందురోజు రాత్రే వెడల్పాటి బకెట్లో పట్టి తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది. ఎండాకాలం ఇంకాస్త జాగ్రత్త కావాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది, కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. బకెట్లోని మురికినీళ్లు మా ఇంట్లో కరివేపాకు మొక్కకు పోతాయి. నైట్రేట్ దానికి ఎరువు.

ఇక ఆ నల్ల చేప సంగతి. దుకాణంలో వేలెడంత ఉంటుంది. పెరిగితే అడుగు దాటుతుంది. రెండడుగుల తొట్టెలో అది తిరగడానికే జాగా ఉండదు. అప్పుడు జనం జాలిపడి చెరువులోనో గెడ్డలోనో వదిలేస్తారు. చంపడానికి చేతులు రాక చేసే పని అది, అర్థం చేసుకోగలను. కానీ ఇది దక్షిణ అమెరికా చేప. ఒళ్లంతా ముళ్ల కవచం. ఆక్సిజన్ తగ్గిన నీళ్లలో పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. గట్లకు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. వలలో పడితే వల చిరుగుతుంది, సంతలో పెడితే కొనేవాడుండడు. వీటిలో సెయిల్‌ఫిన్ అనే రకం ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లను వెతికారు. తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో 60 శాతం దాకా అది చేరిందని తేల్చారు. పాచి తింటుందనీ, చూడ్డానికి వింతగా ఉంటుందనీ తెచ్చుకున్న చేప అది.

తూర్పు కనుమలంటే మన కొండలే. ఇక్కడ గెడ్డలో వదిలింది గెడ్డతోనే ఆగదు. జంఝావతి అయినా సువర్ణముఖి అయినా చివరికి కలిసేది నాగావళిలోనే. ఆ నీళ్లలో వల వేసుకుని పూట గడుపుకునేవాళ్లున్నారు. అరగంట పని తప్పించుకోవడానికి మనం తెచ్చుకున్న చేప వాళ్ల వలలు చింపడం అన్యాయం.

ఇప్పటికే ఇంట్లో జానెడు దాటిన సక్కర్ ఉంటే గెడ్డలో మాత్రం వదలకండి. కొన్నచోటే తిరిగి ఇవ్వండి. తీసుకోకపోతే పెద్ద తొట్టె ఉన్నవాళ్లను అడగండి. ఎవరూ దొరక్కపోతే తొట్టె పెంచి మీరే సాకండి. దాని ఆయుష్షు పది పదిహేనేళ్లు, అన్నాళ్లూ దాని మురికి తీయడానికీ గొట్టం పట్టాల్సిందే.