దాణా తగ్గించండి

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. పనికిరానిదాన్ని కూర్చోబెట్టి మేపాల్సి వచ్చిన యజమాని ఏడుపు అందులో ఉంది. మన ఇళ్ళలో దాన్ని ఎవరి మీద, ఏ గొంతుతో అంటారో నేను చెప్పక్కర్లేదు. మనుషుల సంగతి పక్కన పెడితే, గుర్రాల లెక్కలో ఈ సామెత శుద్ధ తప్పు. చూపు పోయిన గుర్రం బండి లాగదు, పందెంలో పరుగెత్తదు. కొట్టంలో ఊరికే నిలబడే గుర్రానికి గింజతో పని లేదు. మంచి గడ్డి, నీళ్ళు, కాస్త ఉప్పు ఉంటే ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతుంది. యజమాని పుణ్యానికి పోయి పాత కొలతతోనే దాణా పోస్తూ ఉంటే అప్పుడే దానికి గండం.

గుర్రాలకు వైద్యం చేసే మాబోటివాళ్ళకు మందు రాయడానికి పట్టే సమయం కంటే దాణా తగ్గించమని బతిమాలడానికి పట్టే సమయం ఎక్కువ. ఎవరూ ఓ పట్టాన వినరు. పెట్టడం ప్రేమ, తగ్గించడం పిసినారితనం అని మనకు ఉగ్గుపాలతో అబ్బిన బుద్ధి. అతిథికి నెయ్యి, బాలింతకు నెయ్యి, గుర్రానికీ వీలైతే నెయ్యి.

పాడి రైతులకు గుర్రం కడుపు గురించి చెప్పేటప్పుడు నేను బర్రెతో మొదలుపెడతాను. బర్రె గడ్డిని గబగబా మింగి పెద్ద పొట్టలో నానబెట్టుకుంటుంది, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. పీచును విరగ్గొట్టే సూక్ష్మజీవులుండే పులుపు తొట్టి దానికి దారి మొదట్లోనే ఉందన్నమాట. గుర్రానికీ అలాంటి తొట్టి ఉంది, అయితే దారి చివర ఉంది. ముందు జీర్ణాశయం, తర్వాత 20 మీటర్లు దాటే చిన్నపేగు, అవి గడిచాక అంధనాళం అనే మీటరు పొడవు సంచి, దాని వెంట పెద్దపేగు. పీచు పులిసేది ఈ చివరి రెండింటిలో. పెద్దపేగు మడతలు పడి ఉంటుంది. కటి దగ్గర ఒక్కసారిగా సన్నబడి వెనక్కి తిరిగే మలుపు ఒకటుంది. నీళ్ళు తక్కువ తాగిన గుర్రానికి, ముతక వరిగడ్డి మీదే నెట్టుకొస్తున్న గుర్రానికి, మేత గడ్డకట్టి ఇరుక్కునేది తరచుగా అక్కడే.

జీర్ణాశయం మాత్రం ఆ ఒంటికి చాలా చిన్నది. 450 కిలోల జంతువుకు 8 నుంచి 15 లీటర్లు, అంతే. కొంచెం కొంచెంగా రోజంతా తినే ప్రాణి అది. బయట వదిలేస్తే రోజుకు 16 గంటల దాకా మేస్తుంది. అందుకు తగ్గట్టే కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలితేనే ఊరుతుంది. కిలో ఎండుగడ్డి నమలడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కిలో ఓట్స్ 10 నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. పొద్దున దాణా, సాయంత్రం దాణా, మధ్యలో గోడ చూస్తూ నిలబడడం. అలా బతికే గుర్రం కడుపులో పుండు పడకపోతేనే ఆశ్చర్యం. పందెం గుర్రాల కడుపులోకి ఎండోస్కోపీతో చూస్తే సగానికి మించి వాటిలో పుళ్ళు కనిపిస్తాయి. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అన్ననాళం జీర్ణాశయంలో కలిసేచోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. ఎక్కువ తిన్నా, తినకూడనిది తిన్నా, అది ముందుకే పోవాలి.

గింజలోని పిండిపదార్థం చిన్నపేగులోనే అరిగిపోవాలి. దాని శక్తికి హద్దు ఉంది: ఒక పూటకు ఒంటి బరువులో ప్రతి కిలోకూ 2 గ్రాముల పిండి. అంతకంటే తక్కువైతే ఇంకా మేలు. 450 కిలోల గుర్రానికి లెక్కేస్తే 900 గ్రాములు, అంటే రమారమి 2 కిలోల ఓట్స్. అది దాటితే అరగని పిండి వెనక తొట్టిలో పడుతుంది. పీచు తినే సూక్ష్మజీవులు చచ్చిపోయి, పిండిని లాక్టిక్ ఆమ్లంగా మార్చేవి పెచ్చుమీరతాయి. ముందు కడుపు ఉబ్బి నొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో గిట్టలు వేడెక్కుతాయి. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి, పట్టు సడలిపోయే జబ్బు ఇది. పేరు ల్యామినైటిస్. ముందు కాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడిన గుర్రాన్ని చూపించి ‘కాలు బెణికినట్టుంది డాక్టరుగారూ’ అంటారు. మొన్న రాత్రి దాణా బస్తా మూతి కట్టారా లేదా అని నేను అడుగుతాను. కాలికీ బస్తాకూ ఏం సంబంధమని వాళ్ళు నా మొహం చూస్తారు.

యూరప్‌లో ట్రాక్టర్లు రాకముందు బరువు బళ్ళు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు ఉండేది. పని ఉండదు, దాణా మాత్రం మామూలే. సోమవారం పొద్దున బండికి కట్టి కాస్త దూరం నడిపించగానే కొన్నింటికి నడుము, వెనక కాళ్ళు కొయ్యబారిపోయేవి. ఒళ్ళంతా చెమట, మూత్రం కాఫీ రంగు. దెబ్బతిన్న కండరాల్లోని ఎర్రటి పదార్థం మూత్రపిండాల గుండా బయటికి వస్తున్నదన్నమాట. దీనికి సోమవారం జబ్బు అని పేరు పడింది. ఇవాళ ఈ జబ్బుకు జన్యుపరమైన కారణాలు కూడా తెలిశాయి. అయినా సెలవు రోజున దాణా కోత వేయాలన్న పాత నియమం చెక్కుచెదరలేదు. గింజ అనేది కూలి. పని చేసిన రోజే ఇవ్వాలి. బతకడానికి గడ్డి ఉంది.

దక్కనుకు ఈ సంగతి ఎక్కించడం మొదటినుంచీ కష్టమే. ఇక్కడి రాజులు గుర్రాలను సముద్రం మీదుగా కొని తెచ్చుకున్నారు. కృష్ణదేవరాయలు ఏటా హొర్ముజ్ గుర్రాలూ నాటు గుర్రాలూ కలిపి 13,000 కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంత ఖరీదు పెట్టి తెచ్చినదానికి గడ్డి వేస్తే మర్యాదగా ఉండదు కదా. 1470 ప్రాంతంలో ఒక గుర్రాన్ని వెంటబెట్టుకుని బీదరు చేరిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్, ఇక్కడ గుర్రాలకు శనగలు పెడతారనీ, చక్కెర, నూనె వేసి కిచిడీ వండి పెడతారనీ రాసుకున్నాడు. మాబారులో, అంటే తమిళ తీరంలో, గుర్రాలకు వేయించిన బార్లీ వెన్నతో కలిపి పెట్టి, కాచిన ఆవుపాలు తాగిస్తారని పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ అన్నాడు. మార్కో పోలో అయితే ఉడికించిన మాంసం, అన్నం అన్నాడు. గుర్రాలు ఎక్కువకాలం బతకడం లేదని కూడా అన్నాడు. యాత్రికుల మాటల్లో కొంత ఉప్పూకారం కలుస్తుంది. ఎండకూ తేమకూ ఈగలకూ ఆ చావుల్లో వాటా ఉండే ఉంటుంది. కానీ నన్నడిగితే, రాజుగారి గుర్రాలను చంపినవాటిలో రాజుగారి ఆదరం కూడా ఒకటి.

అలాగని పాతవాళ్ళందరినీ ఒకే గాట కట్టలేను. ఉలవలు, శనగలు ఉడకబెట్టి గుగ్గిళ్ళు చేసి పెట్టడంలో మంచి బుద్ధి ఉంది. పచ్చి పప్పుగింజల్లో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థాలుంటాయి, ఉడికితే వాటి బలం పోతుంది. మొక్కజొన్న, బార్లీ పిండి కూడా పచ్చిగా కంటే ఉడికిస్తేనే చిన్నపేగులో బాగా అరుగుతుంది. ఓట్స్ మాత్రం పచ్చిగానే అరుగుతాయి. ప్రపంచమంతటా గుర్రాల కొట్టాల్లో వాటికి అంత పేరు రావడానికి అదొక కారణం. (మన ఉలవచారు కూడా పశువుల దాణా పుణ్యమే అంటారు, గుగ్గిళ్ళు ఎద్దులకు, కట్టు మనకు.) అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి పద్దు చూస్తే మాంసం, సుర లాంటివి కళ్ళు తిప్పుతాయి గానీ, అందులో నూనె, ఉప్పు కూడా కొలత ప్రకారం ఉన్నాయి. పిండి పెంచకుండా శక్తి పెంచాలంటే పందెం గుర్రాలకు ఇవాళ మేమూ నూనే రాస్తాం. ఇక గుర్రం చెమట దాని రక్తం కంటే ఉప్పన. మే నెల హైదరాబాద్‌లో పని చేసే గుర్రానికి ఉప్పు తగ్గితే దాహం కూడా తగ్గుతుంది, పేగు ఎండుతుంది, కథ మళ్ళీ పెద్దపేగులోని ఆ మలుపు దగ్గరికే వస్తుంది.

గడ్డి చాలంటే ఏ గడ్డి అని అడగాలి. ఎంత అని కూడా. ఎండుగడ్డి అయితే 450 కిలోల గుర్రానికి రోజుకు 7 నుంచి 9 కిలోలు. పచ్చిదైతే అందులో ముప్పాతిక భాగం నీళ్ళే కాబట్టి 30 కిలోలు దాటాలి. గరికను మించింది మన నేల మీద లేదు. ఒకప్పుడు అశ్వదళాల్లో గుర్రాన్ని చూసుకునే సాయీసుతో పాటు గడ్డి కోసేవాడు కూడా విడిగా ఉండేవాడు. గరికను తొలికతో వేళ్ళ దగ్గర చెక్కి, మన్ను దులిపి, కట్టలు కట్టి తేవడం అతని పని. ఇవాళ దులిపే ఓపిక ఎవరికి? మట్టి కడుపులోకి పోయి, పెద్దపేగు అడుగున ఇసుక మేట వేస్తుంది. పరీక్ష చాలా సులువు. తాజా పేడ నాలుగు ఉండలు బకెట్ నీళ్ళలో కలిపి పావుగంట వదిలేసి, పైనీళ్ళు వంపేయాలి. అడుగున చేతికి ఇసుక తగిలితే, ఆ రోజు నుంచే గడ్డి కడిగి వేయాలి.

గరిక దొరకనిచోట నేపియర్ వస్తోంది. డెయిరీల కోసం పెంచిన ఈ ఎత్తు గడ్డి చవక, కోసినకొద్దీ వస్తుంది, బర్రెలకు భేషుగ్గా సరిపోతుంది. గుర్రానికి అదే ముఖ్య మేత అయితే ఒక చిక్కుంది. దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. దానికి తోడు చోకర్, అంటే గోధుమ పొట్టు, పోస్తారు. పొట్టు మెత్తగా ఉంటుంది, చలవని నమ్మకం. అందులో భాస్వరం కాల్షియానికి దాదాపు పది రెట్లు. గుర్రానికి కావలసింది దీనికి తిరగబడిన లెక్క, కాల్షియమే ఎక్కువ ఉండాలి. రెండూ కలిసి నెలల తరబడి నడిస్తే రక్తంలో లోటు పూడ్చడానికి ఒళ్ళు తన ఎముకల నుంచే కాల్షియం తీసుకుంటుంది. దవడ, ముక్కు ఎముకలు గుల్లబారి ఉబ్బుతాయి, పళ్ళు కదులుతాయి, ఏ కాలో తెలియని కుంటు వస్తుంది. పూర్వం పిండిమర వాళ్ళ గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది, మరలో మిగిలేది పొట్టే కనుక. రోజూ కాస్త లూసర్న్ కలిపితే కాల్షియం లోటు చాలావరకు తీరుతుంది. పొట్టు కొనే డబ్బుతో అది వస్తుంది కూడా.

ఇంకొక్క హెచ్చరిక చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. కోళ్ళ ఫారం పక్కన గుర్రాలుంటే ఆ దాణా బస్తాలను తాళం వేసిన గదిలో పెట్టండి. కోళ్ళకు రక్తవిరేచనాలు రాకుండా దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి ఏమీ చేయదు. గుర్రం గుండె కండరాన్ని అది దెబ్బతీస్తుంది. విరుగుడు లేదు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకంలో లేనిది సాయీసుల దగ్గర ఉంటుంది. మలక్‌పేట 1886 నుంచి గుర్రపు పందేలకు చిరునామా. ఆ చుట్టుపక్కల కొట్టాల్లో తాతల నుంచి ఇదే పని చేస్తున్న కుటుంబాలున్నాయి. మంచి సాయీసు కొట్టంలోకి రాగానే గుర్రం మొహం చూడడు, కింద చూస్తాడు. రాత్రి ఎన్నిసార్లు పేడ వేసింది, ఉండలు గట్టిగా ఉన్నాయా, గింజలు అరగకుండా పడ్డాయా, తొట్టిలో ఏం మిగిలింది, నమిలి ఉమ్మేసిన గడ్డి ముద్దలున్నాయా. ముద్దలుంటే పళ్ళు అరిగి అంచులు పదునెక్కాయని, బుగ్గ కోసుకుంటోందని అర్థం. గుర్రం పళ్ళు ఏడాదికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తూనే ఉంటాయి, ఆకురాయి వేయాల్సిందే. తర్వాత డొక్కకు చెవి ఆనిస్తాడు. నేను స్టెతస్కోపు పెట్టేదీ అందుకే. గుర్రం కడుపు గుడగుడలాడుతూ ఉండాలి. ‘పేట్ బోల్ రహా హై సాబ్’ అని అతనన్నాడంటే సగం భయం తీరినట్టు. చప్పుడు లేకపోతే మాట్లాడకుండా బ్యాగు తెరుస్తాను.

ఆ స్థితిలో గుర్రానికి సీసాతో నూనె పట్టడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. నొప్పితో పొర్లుతున్న జంతువు నోరు పైకెత్తి పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పేగు నొప్పి నుంచి బయటపడ్డ గుర్రం నిమోనియాతో పోతుంది. నూనె పట్టాలంటే ముక్కులోంచి జీర్ణాశయం దాకా గొట్టం వేసి పట్టాలి, అది వైద్యుడి పని. అతను వచ్చేలోపు మేత తీసేయడం, పొర్లకుండా మెల్లగా నడిపించడం, అంతవరకే.

పెళ్ళిళ్ళ కాలం వస్తోంది. బరాత్ గుర్రాలవాళ్ళు సాయంత్రం నాలుగింటికి ముస్తాబు మొదలుపెడితే తిరిగి కొట్టం చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అంతసేపూ ఖాళీ కడుపు, చెవుల దగ్గర బ్యాండు, నోటికి మాత్రం పెళ్ళివారి లడ్డూలు. ఒక రాత్రిలో ఎన్ని చేతులు ఎన్ని లడ్డూలు పెడతాయో లెక్క పెట్టేవాడు ఉండడు. ఫొటో కోసం పెట్టేవాళ్ళే ఎక్కువ. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు బాడుగ బేరంతో పాటు ఇంకో రెండు మాటలు మాట్లాడండి: పెళ్ళికొడుకు ఎక్కే ముందు గడ్డి పెట్టాలి, మధ్యలో నీళ్ళు చూపించాలి. గడ్డి వేసిన వలసంచి ఒకటి జీను పక్కన వేలాడదీస్తే వాళ్ళకేమీ బరువు కాదు. ముందుగా తిన్న కాస్త గడ్డి కడుపులో పరుచుకుని, నడకకూ ఊపుకూ ఆమ్లం పైకి ఎగజిమ్మకుండా ఆపుతుంది. బ్యాండువాళ్ళు టీ తాగి వచ్చేలోపు గుర్రం ఆ పని ముగించేస్తుంది.