ముందు పాతిక, మరి వెనక?

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి వరంగల్ హైవే ఎక్కి బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి మీదుగా పోచారం వెళ్లే దారిలో పంక్చర్ షాపులకు కొదవ లేదు. బండి ఆగగానే గాలి కొట్టే కుర్రాడు పైపు అందుకుంటూ "ఎంత కొట్టాలె అన్నా?" అని అడుగుతాడు. "నీకు తెల్వదా, ఎంత కొడ్తవో కొట్టు" అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. కుర్రాడు ముందు ముప్పై, వెనక ముప్పై ఐదు కొట్టి పంపేస్తాడు. వచ్చింది పల్సరైనా, యాక్టివా అయినా అదే లెక్క.

కుర్రాడు అడిగింది సబబైన ప్రశ్న. జవాబు మాత్రం బండిగలాయన దగ్గర ఉండాలి, ఎందుకంటే ఆ బండి మీద రేపు ఎవరెక్కుతారో, ఎంత బరువు వేస్తారో తెలిసింది ఆయనకే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరు తయారుచేశాడు. ఆనాటి నుంచి ఈనాటి వరకు బరువు మోసే పని ప్రధానంగా లోపలి గాలిదే. బరువు మారితే గాలి కూడా మారాలి.

కంపెనీలు ఈ సంగతి దాచలేదు. చైన్ కవర్ మీదో, సీటు కిందో, మాన్యువల్‌లోనో రాసే ఉంచాయి. పల్సర్ 150కి ముందు 25 పీఎస్ఐ. వెనక ఒక్కరే అయితే 28, ఇద్దరైతే 32. యాక్టివాకి ముందు 22, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36. ముందు చక్రం అంకె రెండు సందర్భాల్లోనూ మారకపోవడం గమనించాలి. వెనక కూర్చున్న మనిషి బరువులో ఎక్కువ భాగం వెనక టైరు మీదే పడుతుంది. యాక్టివా ముందు టైరుకు ముప్పై కొట్టడమంటే కంపెనీ చెప్పినదానికి మూడో వంతు పైగా ఎక్కువ కొట్టడం. అప్పుడు టైరు గట్టిపడి, నేలను తాకే భాగం తగ్గిపోతుంది. వాన పడిన రోడ్డు మీదో, పరుచుకున్న ఇసుక మీదో బ్రేకు పట్టినప్పుడు దాని ఫలితం తెలుస్తుంది.

టైరు పక్క గోడ మీద అచ్చు పోసిన అంకె చూసి అంతే కొట్టించేవాళ్లూ ఉన్నారు. అది గరిష్ఠ బరువు మోయడానికి ఆ టైరుకు కావాల్సిన గాలి. అదే టైరు వేర్వేరు బళ్లకు వేస్తారు కాబట్టి ఫలానా బండికి ఎంత కొట్టాలో దాన్ని చూసి చెప్పలేం.

ఉప్పల్–నారపల్లి దారికి మరో సమస్య ఉంది. 2018లో ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. పనులు ఏళ్ల తరబడి సాగి, కింది రోడ్డు గుంతలమయమైంది. గతుకుల దారిలో నడుము నొప్పి తగ్గాలని గాలి కాస్త తగ్గించి నడిపే అలవాటు చాలామందికి ఉంది. ఒకటి రెండు పాయింట్లు తగ్గితే హాయిగానే ఉంటుంది. బాగా తగ్గిస్తే మాత్రం గుంత అంచు తగిలినప్పుడు టైరు పూర్తిగా నొక్కుకుపోయి, దెబ్బ నేరుగా రిమ్ము మీద పడుతుంది. అల్లాయ్ చక్రమైతే పగలొచ్చు, స్పోక్ చక్రమైతే వంకర పోవచ్చు. ట్యూబు రెండు చోట్ల చిట్లుతుంది.

ట్యూబు టైరులో గాలి తక్కువైతే కనిపెట్టడానికి ఒక ఆనవాలుంది. చక్రం ముందు కూర్చుని వాల్వు చూడాలి. అది రిమ్ములోంచి నిటారుగా రాకుండా ఒక పక్కకు ఒరిగి ఉంటే, టైరు రిమ్ము మీద జారుతూ ట్యూబును తనతోపాటు లాక్కెళుతోందని అర్థం. అలాగే నడిపితే వాల్వు మొదట్లోనే తెగుతుంది. అనుభవమున్న మెకానిక్ గాలి కొట్టాక వేలికి ఉమ్మి తడి చేసి వాల్వు మూతి మీద రాస్తాడు. బుడగ లేస్తే లోపలి పిన్ను లీకవుతున్నట్టే. మూతి మీది ప్లాస్టిక్ క్యాప్ ఆ పిన్నులోకి దుమ్ము పోకుండా చూస్తుంది. అందుకే గాలి కొట్టించాక దాన్ని తిరిగి పెట్టించుకోవాలి.

ఎంత కొట్టాలన్నది తెలిసినా, ఎప్పుడు చూడాలన్నది మిగిలే ఉంటుంది. కంపెనీ అంకెలన్నీ చల్లటి టైరువి. నాచారం నుంచి బయల్దేరి పోచారం ఐటీ క్యాంపస్‌ల దాకా వచ్చేసరికి టైరు వేడెక్కి గాలి రెండు మూడు పాయింట్లు పెరుగుతుంది. బండి కదలకపోయినా, మే ఎండలో పార్కింగులో మాడితే అదే జరుగుతుంది. ఆ సమయంలో పెట్రోల్ బంకులో చూసి "ఎక్కువుంది" అని గాలి తీయిస్తే మర్నాడు పొద్దున టైరు మెత్తబడి ఉంటుంది. వేడి టైరులోంచి గాలి తీయకూడదు.

చలికాలం ఇంకోరకం. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే ముప్పై పీఎస్ఐ ఉన్న టైరులో సుమారు ఒకటిన్నర తగ్గుతుంది. మేలో తెల్లవారుజామున కూడా ఉక్కగా ఉండే హైదరాబాద్‌లో, డిసెంబరు తెల్లవారుజామున చలి పద్నాలుగు డిగ్రీలకు దిగుతుంది. పంక్చర్ లేకపోయినా వాతావరణం వల్లే రెండు పాయింట్లు పోతాయి. నైట్రోజన్ కొట్టిస్తే ఇదంతా తప్పుతుందనుకోవడం సరికాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, ఎండకూ చలికీ రెండూ దాదాపు ఒకేలా స్పందిస్తాయి.

అందుకే సొంత గేజ్ ఒకటి ఇంట్లో ఉండటం ఎంతో మేలు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే బండి తీయకముందు చూడాలి. వాల్వుకు గేజ్ నిటారుగా అదిమితే ఒక్కసారి తుస్సుమని శబ్దం ఆగిపోవాలి. శబ్దం ఆగకుండా వస్తుంటే అంకె తక్కువ చూపిస్తుంది, మళ్లీ అదమాలి. 28 ఉండాల్సిన చోట 24 చూపిస్తే లోటు నాలుగు. బంకుకు వెళ్లేసరికి టైరు వేడెక్కి అక్కడ 26 చూపినా, నాలుగు కలిపి 30 కొట్టించాలి. బంకులో గాలి ఉచితమే కాబట్టి ఖర్చు గేజ్‌కు ఒక్కసారే.

నాచారం పారిశ్రామికవాడలో, ఉప్పల్ కాలనీల్లో ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు నాలుగేసి కట్టుకుని తిరిగే బళ్లు కనిపిస్తాయి. అంటే ఎనభై కిలోలు, వెనక ఒక మనిషి కూర్చున్నంత బరువు. రోజంతా ఆ పనే చేసే బండికి ఒక్కరి అంకె చాలదు. ఆదివారం భార్యను ఎక్కించుకుని ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా యాదగిరిగుట్టకు వెళ్లే పల్సర్ కూడా ఆ పొద్దున ఇంటి దగ్గరే వెనక టైరు 32 చూసుకుని బయల్దేరాలి. సోమవారం ఒక్కరే ఆఫీసుకు వెళ్లేముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే, దాన్ని మళ్లీ 28కి దించుకోవచ్చు.