నలభై పుల్లల చక్రం

ఆవపల్లి సంతకు వచ్చే సైకిళ్లను వెనకనుంచి చూడాలి. క్యారేజి మీద బియ్యం బస్తా, దానిమీద చింతపండు మూటో ఇప్పపువ్వు మూటో, ఒక్కోసారి ముందు కడ్డీ మీద ఓ పిల్లవాడు. ఇంత బరువు మోస్తూ మొరం రోడ్డు గుంతల్లో దిగి లేచినా వెనక చక్రం వంకర పోదు.

బస్తర్ దక్షిణాన, బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులోని ఊరిది. దోర్లీ, గోండి, తెలుగు, హిందీ ఒకే కొట్టు ముందు వినిపిస్తాయి. జగదల్‌పూర్ నుంచి 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని బీజాపూర్ చేరి, అక్కణ్ణుంచి దక్షిణానికి తిరిగి, ఈ కాలమ్ రాసే మనిషి ఒకసారి ఇక్కడికి సైకిల్ మీద వచ్చాడు. ఖరీదైన సైకిలు. వెనక తొమ్మిది పళ్లచక్రాలు, చక్రానికి 28 పుల్లలు, రెండు పక్కలా నిండు సంచులు. ఊరు ఇంకా కనబడకముందే టంగుమని ఒక పుల్ల తెగింది. రిమ్ము బ్రేకుకు రాసుకోవడం మొదలైంది.

పంక్చర్ షాపులో పుల్లలకు కొదవ లేదు, కానీ ఒక్కటీ ఆ కొలతది కాదు. తెగినది కుడిపక్కది, పళ్లచక్రాల గుత్తి ఊడదీస్తే తప్ప దాన్ని ఎక్కించలేరు, ఆ పనిముట్టు బీజాపూర్‌లోనూ దొరకదన్నారు. షాపాయన చక్రం తిప్పి చూసి, “పళ్లచక్రాలేమో అన్ని పెట్టి పుల్లలు తగ్గించారేందన్నా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. సైకిల్ పుల్ల బరువును బండి చక్రం ఆకులా కింద నిలబడి మోయదు, లాగి బిగించిన తీగలా మోస్తుంది. నేలవైపు వచ్చిన ప్రతిసారీ కాస్త వదులై, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. కిలోమీటరుకు సుమారు 450 సార్లు, వంద కిలోమీటర్లకు 45 వేల సార్లు. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే, ఒకరోజు హబ్ దగ్గరి వంపులో పుటుక్కుమంటుంది. పుల్లలు ఎక్కువుంటే ఒక్కోదాని మీద పడే భారం తగ్గుతుంది. పళ్లచక్రాలు పెరిగేకొద్దీ కుడిపక్క పుల్లలు నిటారుగా, అతి బిగువుగా ఉండాల్సి వస్తుంది, ఎడమపక్కవి వదులవుతాయి. ముందు చక్రం కంటే వెనక చక్రమే ఎక్కువగా చెడడానికి ఇదీ ఒక కారణం.

మన పాత రోడ్‌స్టర్ సైకిలుకు ఈ రెండు తంటాలూ లేవు. బ్రిటిష్ కాలపు లెక్క ప్రకారం ముందు 32, వెనక 40 పుల్లలు; వెనక ఒక్కటే పళ్లచక్రం, కాబట్టి రెండు పక్కలా దాదాపు సమాన బిగువు. జార్ఖండ్‌లో రెండు క్వింటాళ్లకు పైగా బొగ్గు వేసుకుని నెట్టుకెళ్లేది ఈ జాతి చక్రాల మీదే. అలాగని దూరయాత్రకు అదే తీసుకోవాలని కాదు. బరువెక్కువ, పైగా ఉక్కు రిమ్ము వానలో తడిస్తే బ్రేకు పట్టదు.

దాని లెక్క మాత్రం తీసుకోవచ్చు. అల్యూమినియం రిమ్ము, 36 చిల్లులు, ఒక్కో పుల్ల మరో మూడింటిని దాటేలా అల్లిక, వెడల్పాటి టైరు. తేడా వచ్చేది టైరు కొలతలో. 26 అంగుళాలది పల్లెలోనూ దొరుకుతుందంటారు, నిజమే. కానీ గేర్ల సైకిలు 26కి రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు, లేడీస్ సైకిళ్లలో చాలావాటికి 590. టైరు మీద 26 అనే ఉంటుంది, ఎక్కించబోతే ఎక్కదు. 1963లో ఐర్లండు నుంచి ఢిల్లీకి సైకిల్ మీద బయల్దేరిన డెర్వ్లా మర్ఫీ దారిలోని ఊళ్లకు టైర్లను ముందే పంపించుకుంది.

షాపాయన ఆ రోజు కొత్త పుల్ల వెయ్యలేదు. తెగినదానికి ఇరుపక్కల పుల్లల్ని వేలితో మీటుతూ, వీణ తీగలు సరిచూసినట్టు, ఒక్కో నిపుల్‌ను పావు చుట్టు వదులు చేసి రిమ్మును బ్రేకుల మధ్యకు తెచ్చాడు. సంచులు బస్సెక్కాయి. మనిషి మెల్లగా తొక్కుకుంటూ బీజాపూర్ చేరాడు.

ఇప్పుడు ఆ సైకిలుకు 36 పుల్లల చక్రాలున్నాయి. ఫ్రేముకు టేపు చుట్టి మూడు కొలతల పుల్లలు కూడా ఉన్నాయి: ముందుది, వెనక ఎడమది, వెనక కుడిది. కుడిది రెండు.