ఉప్పు కుదిర్చిన పొత్తు

న్యూయార్క్‌లో ఆదివారం పొద్దెక్కాక తినే బేగెల్ రొట్టెనూ, క్రీమ్ చీజ్‌నూ, సాల్మన్ చేపనూ ఒక్కచోట చేర్చింది ఉప్పే. పప్పుచారులోకి ఉప్పుచేప నంజుకునే కోస్తావాళ్లకు ఈ పొత్తు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

1869లో అమెరికా తూర్పు, పడమర తీరాలను రైలుమార్గం కలిపాక, పసిఫిక్ తీరపు సాల్మన్ ఉప్పు పీపాల్లో ఊరుతూ న్యూయార్క్ చేరసాగింది. తూర్పు ఐరోపా నుంచి వలసవచ్చి అక్కడి లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు ఇళ్లలో కాపురముంటున్న యూదులకు అది చవగ్గా దొరికే చేప. అసలు ‘లాక్స్’ అంటే అదే. దానికి పొగ తగలదు, ఉప్పులో ఊరుతుందంతే. అంత ఉప్పదనాన్ని విరవడానికి వెన్నలాంటిదేదో కావాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్‌లో విలియం లారెన్స్ 1872 ప్రాంతంలో తయారుచేయడం మొదలుపెట్టిన క్రీమ్ చీజ్ ఆ పనికి చక్కగా కుదిరింది.

యూదుల ఆచారంలో మాంసాన్నీ పాల పదార్థాలనూ కలపరు. చేప మాత్రం మాంసం లెక్కలోకి రాదు. అందుకే చేపలూ, పాల పదార్థాలూ అమ్మే కొట్లు వేరుగా వెలిశాయి. వాటిని ‘అపెటైజింగ్ స్టోర్’ అంటారు. 1914లో జోయెల్ రస్ మొదలుపెట్టిన అలాంటి కొట్టు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఆయన తన ముగ్గురు కూతుళ్లకూ వాటా ఇచ్చి, దాని పేరును ‘రస్ అండ్ డాటర్స్’గా మార్చాడు. కూతుళ్ల పేరున కొట్టు పెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఫ్రిజ్‌లు వచ్చాక అంత ఉప్పుతో పని లేకపోయింది. ఇప్పుడు ఎక్కువమంది అడిగే ‘నోవా’ రకం సాల్మన్‌కు తక్కువ ఉప్పు పట్టించి, 30 డిగ్రీల సెల్సియస్ దాటని చల్లటి పొగ పెడతారు. ఆ వేడికి చేప ఉడకదు, పట్టులా మెత్తగా ఉండిపోతుంది. ఇక అసలు విద్యంతా కోతలోనే ఉంది. పొడవాటి సన్నకత్తిని దాదాపు పడుకోబెట్టి, ఒత్తకుండా, తోకవైపు ఏటవాలుగా లాగుతారు. పొర ఎంత పలచగా తెగాలంటే, దాని గుండా వెలుతురు కనబడాలి. మందంగా కోస్తే ఉప్పే నాలుకకు తగులుతుంది. పలచగా కోస్తే చేప కొవ్వు, పొగ వాసన నోట్లో నిదానంగా విచ్చుకుంటాయి.

ఇక ఈ చేపనూ, చీజ్‌నూ మోసే బేగెల్ పిండిని గట్టిగా కలిపి, చుట్టి, రాత్రంతా చల్లటిచోట ఉంచుతారు. మర్నాడు మాల్ట్ కలిపిన మరిగే నీటిలో ఒక్కో వైపు నిమిషంలోపు ఉడికించి, ఆ తర్వాతే ఓవెన్‌లో పెడతారు. ఈ ఉడుకుకు పైపిండి బిగిసి తొక్కలా కడుతుంది. దాంతో లోపలి పిండి మరీ పొంగదు. పైన మెరుపూ, లోపల సాగుడూ వచ్చేది అందుకే. ఉడికించకుండా కాల్చింది నా దృష్టిలో మధ్యలో చిల్లున్న బన్ను మాత్రమే.

ఇంట్లో చేసుకునేటప్పుడు క్రీమ్ చీజ్‌ను అరగంట ముందే బయట పెట్టండి, చల్లగా ఉంటే సరిగా పరుచుకోదు. ఆ పూట కాల్చిన బేగెల్‌ను టోస్ట్ చేయకండి, నిన్నటిదైతే చేయొచ్చు. అడ్డంగా కోసి, అంచులదాకా చీజ్ రాసి, చేప పొరలను మడతలుగా వదులుగా పరవండి. పైన ఎర్ర ఉల్లి చక్రాలు, నాలుగు కేపర్ మొగ్గలు, కాస్త డిల్ ఆకు వేస్తే చాలు. టొమాటో బాగా పండితేనే వేయండి. ఉప్పు అసలు చల్లొద్దు. రెండో సగాన్ని పైన మూయకుండా, దేనికది విడిగా తినండి. మూసి కొరికితే చీజ్ పక్కలకు జారిపోతుంది, చేప పొరలు నలిగిపోతాయి.