కొమ్మ మీది కాయకు ధర

నల్లగొండ బత్తాయి తోటల్లో బేరం తోటలోనే తెగుతుంది. వ్యాపారి సాళ్ల మధ్య తిరిగి, రెండు మూడు చెట్ల కింద ఆగి, కొమ్మలు ఎత్తి చూసి, తోట మొత్తానికి ఎన్ని టన్నులు దిగుతాయో మనసులోనే కట్టేసి ధర చెబుతాడు. ఆ పైన సూట్ పేరుతో తరుగు ఉండనే ఉంది.

పద్దులు రాసి బతికే నాకు ఆ మనిషిని చూస్తే ఇండ్ ఏఎస్ 41 గుర్తుకొస్తుంది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలకు దగ్గరగా మనం రాసుకున్నవే ఈ ఇండ్ ఏఎస్‌లు. 2015 ఫిబ్రవరిలో నోటిఫై చేశారు. బ్యాంకులు, బీమా వంటి ఆర్థిక సంస్థలను పక్కన పెడితే, రూ.500 కోట్లు, ఆపైన నికర విలువ ఉన్న కంపెనీలకు 2016 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి.

సాగుకు సంబంధించిన 41 ప్రకారం చెట్టుది ఒక లెక్క, కాయది ఇంకో లెక్క. ఏళ్ల తరబడి కాసే చెట్టుకు పెట్టిన ఖర్చు రాసి, యంత్రానికి మల్లే ఏటా తరుగుదల తీయాలి. కాయకు మాత్రం ఆనాటి మార్కెట్ విలువ కట్టి, అమ్మకం ఖర్చులు తీసెయ్యాలి. ధర పెరిగితే కాయ కోయకముందే లాభం పద్దెక్కుతుంది. అంతర్జాతీయ ప్రమాణం మొదట్లో చెట్టుకూ మార్కెట్ విలువే కట్టమంది. మలేసియా పామాయిల్ రంగం గట్టిగా అభ్యంతరం చెప్పాక 2014లో మార్చారు. అమ్మని చెట్టుకు మార్కెట్ ధరేమిటన్న ఆ వాదన నాకూ సబబే అనిపిస్తుంది.

మన బత్తాయి రైతుకు ఇవేవీ వర్తించవు. పాత నల్లగొండ జిల్లాలో ఆ ప్రమాణాలు తగిలింది కృష్ణ ఒడ్డు సిమెంటు కంపెనీలకు. సున్నపురాయి గనిని చివర్లో పూడ్చి చదును చేసే ఖర్చును నేటి విలువకు కుదించి ఇప్పుడే అప్పుగా చూపాలి. సిమెంటు బస్తా ఒక్కటి కూడా పెరగదు, తగ్గదు. అయినా లాభం అంకె మారుతుంది. అప్పిచ్చేవాడు చూసేది ఆ అంకెనే.

2005లో యూరప్ అంతర్జాతీయ ప్రమాణాల బాట పట్టింది. తర్వాత పరిశోధకులు చూస్తే, ప్రమాణాలతో పాటే తనిఖీనీ బిగించిన దేశాల్లోనే షేర్ల క్రయవిక్రయాలు బాగా సులువయ్యాయని తేలింది. మనకిది కొత్త సంగతేమీ కాదు. పద్దుల మోసం బయటపడి 2009 జనవరిలో కూలిన సత్యం కంప్యూటర్స్ న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో కూడా లిస్టయిన కంపెనీయే. ఆడిటర్లను ప్రశ్నించే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ మాత్రం 2018 అక్టోబరుకు గానీ రాలేదు.

తోటలోనూ అంతే, ప్రమాణం ఒక్కటే చాలదు. కాయకు కట్టే సరసమైన విలువ అంటే ఒత్తిడి లేని అమ్మకంలో పలికే ధర అని ప్రమాణం చెబుతుంది. కత్తెర కాపు చెట్టు మీద ముదిరిపోతుంటే, వాకిట్లో ఒకే వ్యాపారి నిలబడితే ఒత్తిడి లేని అమ్మకం ఎక్కడిది? బ్యాంకు కూడా చెట్టు మొహం చూడదు. ఎకరాకు ఇంతని జిల్లాలో ఖరారు చేసిన స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ చూసి రుణమిస్తుంది. ప్రమాణాలు ఊళ్లోకి దిగే రోజు దిగనీ. ముందు టన్నుకు ఎన్ని కిలోలు సూట్ కోశారో రైతు చేతి రసీదు మీద రాయించండి.