ఉచితముగా ఇయ్యుట: మన స్వస్థత కూటములపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వికారాబాద్ నుండి తాండూరు వరకు గ్రామముల గోడలపై స్వస్థత కూటముల పోస్టర్లు మనకు కొత్త కాదు. "అందరూ ఆహ్వానితులే, ప్రవేశము ఉచితము" అని వాటిలో ఉంటుంది. కొన్ని సంఘములు వీటితోపాటు వైద్య శిబిరములు కూడా నడుపుతున్నాయి. ప్రార్థనకు ప్రభువు జవాబిస్తాడా లేదా అన్నది ఈ వ్యాసములో చర్చ కాదు; జవాబిస్తాడని నమ్మే కాపరిగానే రాస్తున్నాను. ఇక్కడి ప్రశ్న ఒక్కటే. మన కూటములు నిజముగా ఉచితమేనా?

వాక్యాధారము

మత్తయి 10:8లో ప్రభువు శిష్యులను స్వస్థపరచుటకు పంపుతూ, తాము పొందిన విధముగానే ఇయ్యమని ఆజ్ఞాపించాడు. అక్కడ వాడిన గ్రీకు పదము "దోరెయాన్". రోమా 3:24లో మన నీతిమత్వమును గూర్చి పౌలు వాడినదీ ఇదే పదము. యోహాను 15:25లో లోకము ప్రభువును ఏ కారణమూ లేకుండా ద్వేషించిందని చెప్పేటప్పుడు కూడా ఇదే వస్తుంది. కనుక ఈ పదములో "రుసుము లేకుండా" అన్న అర్థముతోపాటు "కారణము చూడకుండా" అన్న అర్థమూ ఉంది. ఎదుటివానిలో అర్హతను గాని, అతని వలన రాబోయే ప్రయోజనమును గాని లెక్కించని దానమే దోరెయాన్.

2 రాజులు 5లో ఎలీషా ఈ దానమునే ఆచరించాడు. నయమాను వెండి, బంగారము, పది దుస్తులు తెచ్చినా ప్రవక్త ముట్టలేదు. అంతేకాదు, రిమ్మోను గుడిలో తన రాజుతోపాటు వంగవలసి వస్తుందని నయమాను చెప్పుకొన్నప్పుడు, ఎలీషా అతనిని సమాధానముతో సాగనంపాడు. మతపరమైన రుసుమును కూడా అడగలేదు. గేహజీ వెంబడించి తెచ్చుకొన్నది రెండు తలాంతుల వెండి, రెండు దుస్తులు, వాటితోపాటు కుష్ఠు.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు, ఒక్కడే తిరిగి వచ్చాడు. తొమ్మిదిమంది ఎక్కడని ప్రభువు అడిగాడు. వారి కృతజ్ఞత లేమి ఆయనను బాధించింది. అయినా ఇచ్చిన స్వస్థతను వెనుకకు తీసుకోలేదు. తనను బంధించ వచ్చిన ప్రధానయాజకుని దాసుని చెవిని కూడా ఆయన బాగుచేశాడు (లూకా 22:51). ఆ దాసుడు ఆ తరువాత ఏమయ్యాడో సువార్తికులు చెప్పలేదు.

మనము తీసుకొనే వెల

మన కూటములలో గేటు దగ్గర డబ్బు తీసుకోము, నిజమే. అయితే కానుకల సంచి రెండుసార్లు తిరుగుతుంది. నిర్ణయ పత్రము నింపించుకొంటాము. సహాయకులకు పంపుటకు ఫోటో తీస్తాము. అన్నిటికంటే ఖరీదైనది మైకు ముందు చెప్పించే సాక్ష్యము.

నా తప్పునే ఉదాహరణగా చెబుతాను. కొన్నేళ్ల క్రితము తాండూరు ప్రాంతములో జరిగిన కూటమునకు నాపరాయి పాలిషింగులో పనిచేసే ఒక సహోదరుడు వచ్చాడు. క్షయకు మాత్రలు మొదలుపెట్టి రెండు నెలలైంది. ప్రార్థన చేసిన తరువాత ఊపిరి తేలికైందన్నాడు. నేను వెంటనే స్టేజీ ఎక్కించి, "సంపూర్ణ స్వస్థత" అని చెప్పించాను. జనము చప్పట్లు కొట్టారు. కొన్ని నెలలకు అతడు మంచము పట్టాడు. చూడ వెళ్తే, "పాస్టరయ్యా, గోళీలు మింగితే మీ మాట తప్పయితదని బంద్ చేసిన" అన్నాడు. నా కూటమునకు అతడు చెల్లించిన వెల అది.

ఈ వ్యాధిలో కొన్ని వారాలకే దగ్గు తగ్గవచ్చు, కాని క్రిములు లోపల మిగిలే ఉంటాయి. అందుకే సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స. మధ్యలో మానితే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదముంది. రాతి ధూళి పీల్చి సిలికోసిస్ వచ్చినవారికి క్షయ సోకే అవకాశము మరింత ఎక్కువ. తాండూరులో పరిచర్య చేసేవారు దీనిని తెలియక ఉండరాదు. వికారాబాద్ పైనున్న అనంతగిరి కొండ ఒకప్పుడు క్షయ ఆసుపత్రికే పేరు పొందింది. నేడు ప్రభుత్వము మందులు ఉచితముగా ఇస్తూ, పోషకాహారము కొరకు 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు ఇస్తున్నది. దానికి మారుగా ఎవరి సాక్ష్యమూ అడగడము లేదు.

వెస్లీ మాదిరి

మెథడిస్టు మిషనరీల సేవను ఎరిగిన వికారాబాద్ వారికి జాన్ వెస్లీ మాదిరి పరాయిది కాదు. 1746లో ఆయన లండనులో పేదలకు ఉచిత ఔషధశాల ప్రారంభించాడు. ఐదు నెలలలో 500 మందికి పైగా మందులు అందాయి, సుమారు 40 పౌండ్లు ఖర్చయింది. వచ్చినవారు తన సొసైటీకి చెందినవారా కాదా అని చూడలేదని ఆయనే రాశాడు. పూర్తిగా బాగుపడినవారు 71 మంది అని కూడా నమోదు చేశాడు. ఐదువందల మందికి మందులిచ్చి, స్వస్థులు డెబ్బై ఒక్కరేనని రాయగలిగిన ఆ నిజాయితీ మన నివేదికలలో కనబడుతుందా?

ఒక ఆక్షేపణ

"పనివాడు జీతమునకు పాత్రుడు గదా, మరి పరిచర్య ఎలా సాగుతుంది?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లూకా 10:7, 1 కొరింథీ 9 దీనిని సమర్థిస్తాయి. ఆదిమ సంఘ గ్రంథమైన డిడాకే కూడా సంఘములో స్థిరపడిన ప్రవక్తకు ఆహారమియ్యమంటుంది. ఆత్మ పేరిట తన కొరకు డబ్బు అడిగేవానిని మాత్రము అబద్ధ ప్రవక్త అంటుంది. అనగా కాపరి పోషణ సంఘము బాధ్యత. దానిని రోగి మీద మోపరాదు. సంఘవృద్ధి విషయమా? ఇశ్రాయేలు దేవుని ఒప్పుకొన్న నయమానుకు ప్రవక్త ఏ పత్రమూ ఇవ్వలేదు.

కనుక సహ కాపరులకు నాలుగు మనవులు. కూటము ఖర్చును ముందే సంఘములు భరించి, అక్కడ కానుక ఎత్తకుండా ఉందాము. రోగి పేరును మన హాజరు పట్టికలో చేర్చవద్దు. డాక్టరు చెప్పేవరకు మందులు మానవద్దని ప్రార్థనకు ముందూ తరువాతా ప్రకటిద్దాము. స్టేజీ మీద సాక్ష్యము చెప్పించడము ఆపుదాము. గెరాసేనుల దేశములో స్వస్థుడైనవానిని ప్రభువు పంపినది అతని ఇంటికే (మార్కు 5:19).

ఆ సహోదరుడు రెండవసారి చికిత్స తీసుకొని కోలుకొన్నాడు. మా సంఘములో సభ్యుడు కాలేదు. ఎదురైతే నమస్కారము పెడతాడు. నేను ఇప్పటికీ అతని కొరకు ప్రార్థిస్తున్నాను, ఈసారి మైకు లేకుండా.